కరివేపాకు: గుణమూ మితమూ

పాఠ్యభాగ ఉద్దేశం

నిత్యం మన వంటలో పడే ఒక ఆకు పేరును, పుట్టుకను, పోషక విలువలను, ఔషధ గుణాలను, వాడుకలో పాటించవలసిన జాగ్రత్తలను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. మేలు చేసే వస్తువును నిర్లక్ష్యం చేయడం ఎంత పొరపాటో, దానికి లేని మహిమను అంటగట్టడం అంతకంటె పెద్ద పొరపాటని విద్యార్థులు గ్రహించాలి.

పాఠం

అవసరం ఉన్నంతసేపు ఆదరించి, అవసరం తీరగానే పక్కకు నెట్టినప్పుడు తెలుగువాడు 'నన్ను కూరలో కరివేపాకులా తీసిపారేశారు' అని వాపోతాడు. ఈ నానుడి మన భోజనపు అలవాటు నుండి పుట్టింది. పప్పులో, చారులో, చిత్రాన్నంలో కరివేపాకు లేకపోతే 'పోపు సరిగా పడలేదు' అంటాం. విస్తట్లో కనబడితే మాత్రం వేలితో తీసి అంచున పెడతాం. వాసన మనది కావాలి, ఆకు మాత్రం వద్దు!

ఇది ఒక అంచు. రెండవ అంచు కూడా ఉంది. 'పరగడుపున పది ఆకులు నమిలితే చక్కెర వ్యాధి పోతుంది', 'నెల రోజులు రసం తాగితే నెరసిన జుట్టు నల్లబడుతుంది' అనే మాటలు నోటినుండి నోటికి పాకుతూ ఉంటాయి. విస్తరి అంచున పడి ఉండే ఆకే అకస్మాత్తుగా సర్వరోగ నివారిణి అవుతుంది. ఈ రెండు అంచుల నడుమ సత్యం ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడం అవసరం. ఏమంటే, మొదటి పొరపాటు వల్ల కొద్దిపాటి పోషకాలు మాత్రమే నష్టపోతాం. రెండవ పొరపాటు వల్ల ప్రాణానికే ముప్పు రావచ్చు.

ఒక ఆకు, అనేక నామాలు

మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో హార్స్‌లీ హిల్స్ ఉంది. సముద్రమట్టానికి 1,200 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న ఈ చల్లని కొండను స్థానికులు ఏనుగు మల్లమ్మ కొండ అంటారు. పంతొమ్మిదవ శతాబ్దంలో కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు. డి. హార్స్‌లీ దీనిని వేసవి విడిదిగా ఎంచుకోవడంతో ఆయన పేరు కొండకు స్థిరపడింది. ఊరివారు పిలిచే పేరు ఒకటి, దూరం నుండి వచ్చినవారు పెట్టిన పేరు మరొకటి. కరివేపాకు విషయంలోనూ ఇదే జరిగింది.

ఈ కొండకు ఒకవైపు పుంగనూరు, మరింత దక్షిణంగా వెళ్తే కుప్పం ఉన్నాయి. కుప్పం ప్రాంతం తెలుగు, తమిళం, కన్నడం కలిసే కూడలి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ స్థాపించడానికి ఈ భాషా సంగమమే ప్రధాన కారణం. ఆ ప్రాంతపు సంతలో తెలుగువారు 'కరివేపాకు' అని అడిగితే, తమిళులు 'కరివేప్పిలై' అంటారు, కన్నడిగులు 'కరిబేవు' అంటారు. మూడు భాషలలోనూ 'వేప' ఉంది. అంటే ఈ ఆకును చూసిన వెంటనే దక్షిణాది వారందరికీ వేపాకే గుర్తుకు వచ్చిందన్నమాట. 'కరి' అనే మాటకు నలుపు అని అర్థం చెప్పి 'నల్లవేప' అని వివరించినవారు ఉన్నారు. తమిళంలో 'కరి' అంటే వండిన కూర కనుక 'కూరలో వేసే వేప' అని వివరించినవారూ ఉన్నారు. హిందీవారు దీనిని 'మీఠా నీమ్' అంటారు. వేపవలె చేదు కానిది కనుక అది 'తీపి వేప' అయింది.

సంస్కృతంలో దీనికి కైడర్యం, సురభినింబం, గిరినింబం వంటి పేర్లు చెబుతారు. సురభినింబం అంటే పరిమళించే వేప, గిరినింబం అంటే కొండవేప. పెరటి మొక్కగానే దీనిని ఎరిగిన మనకు కొండవేప అనే పేరు వింతగా తోచవచ్చు. కాని భారతదేశపు కొండవాలు అడవులలో ఇది తనంతట తానే పెరిగే చిన్న చెట్టు. అడవి నుండి పెరటికి, పెరటి నుండి పోపుగరిటెకు వచ్చిన ఆకు ఇది.

శాస్త్రలోకం పెట్టిన పేరు వెనుక కూడా మన గడ్డకు చెందిన ఒక కథ ఉంది. బాల్టిక్ ప్రాంతంలో 1728లో జన్మించిన జోహన్ గెర్హార్డ్ కోనిగ్ ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ శిష్యుడు. 1768లో తమిళ తీరంలోని తరంగంబాడికి వైద్యుడుగా వచ్చి, ఆ తరువాత దక్షిణ భారతమంతా తిరిగి మొక్కలను సేకరించాడు. 1785లో కాకినాడలోని జగన్నాథపురంలో మరణించాడు. ఆ కాలంలో సామర్లకోటలో తోట పెంచి మొక్కలపై పరిశోధన చేస్తున్న విలియం రాక్స్‌బర్గ్ ఆయనకు మిత్రుడు. కోనిగ్ పేరుమీదనే కరివేప చెట్టుకు 'ముర్రయా కోనిగీ' అనే శాస్త్రీయ నామం ఏర్పడింది. ఇటీవలి వృక్షశాస్త్రజ్ఞులు దీనిని 'బెర్గెరా కోనిగీ' అని కూడా వ్యవహరిస్తున్నారు. ప్రజాతి పేరు మారినా కోనిగ్ పేరు మాత్రం నిలిచి ఉంది.

వేప అని పేరున్నా వేప కాదు

పేరులో వేప ఉన్నా ఈ చెట్టుకు వేపతో బంధుత్వం లేదు. నిమ్మ, నారింజ, చీనీ, మారేడు, వెలగ వంటి చెట్ల కుటుంబం దీనిది. విద్యార్థులు ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చు. ఒక కరివేపాకును, ఒక నిమ్మాకును తెచ్చి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. రెండింటిలోనూ సన్నని చుక్కలు మెరుస్తూ కనిపిస్తాయి. అవి సువాసన నూనె నిండిన సూక్ష్మ గ్రంథులు. ఆకును నలిపినప్పుడు ఆ గ్రంథులు చిట్లి పరిమళం వెలువడుతుంది. వేపాకు అంచున రంపపు పళ్లవంటి కోతలు స్పష్టంగా ఉంటాయి. కరివేపాకు అంచు ఇంచుమించు నున్నగా ఉంటుంది. అన్నిటికంటె నమ్మదగిన గుర్తు వాసన. పరిచయం లేని మొక్క ఆకును రూపాన్ని మాత్రమే చూసి కరివేపాకు అనుకొని వంటలో వేయకూడదు.

ఈ సువాసన ద్రవ్యాలు నీటిలో కంటె నూనెలో చక్కగా కరుగుతాయి. మన పోపు వెనుక ఉన్న శాస్త్రం ఇదే. కాగిన నూనెలో ఆవాలు చిటపటలాడి, మినప్పప్పు ఎర్రబడిన తరువాత చివరగా కరివేపాకు వేస్తారు. ఆకు పరిమళం నూనెలోకి దిగి, నూనె ద్వారా కూర అంతటికీ వ్యాపిస్తుంది. ముందుగా వేస్తే ఆకు మాడి వాసన పోతుంది. ఎండలో బాగా ఎండబెట్టిన ఆకులో పరిమళం తగ్గిపోవడానికి కారణం ఆ నూనె ఆవిరి కావడమే. అందుకే పొడికోసం ఆరబెట్టే ఆకును నీడలోనే ఆరబెట్టాలని పెద్దలు చెబుతారు.

మన పళ్ళెంలో దీని పాత్ర

రాయలసీమ వంటలో కరివేపాకు తాళింపుకు మాత్రమే పరిమితం కాదు. రాగిసంకటిలోకి చేసుకొనే ఊరుబిండికి కరివేపాకు తాళింపు రుచినిస్తుంది. ఎండుమిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి చేర్చి దంచిన కరివేపాకు కారం వేడి అన్నంలోకి, దోసెలోకి పనికివస్తుంది. పొట్టిజాతి ఆవులకు పేరుపొందిన పుంగనూరు ప్రాంతంలోనే కాక తెలుగునాట అంతటా, వేసవిలో మజ్జిగలో కరివేపాకు నలిపి వేసుకోవడం అలవాటు. కోస్తాలో గుంటూరు ప్రాంతంలోని పెదవడ్లపూడి పరిసరాలలో దీనిని తోటలుగా పెంచి దూరప్రాంతాలకు పంపుతారు.

ఋతువును బట్టి ఆహారం మారాలన్న ఎరుక మన పూర్వులకు ఉండేది. శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుని ఆతిథ్యాన్ని వర్ణిస్తూ వానకాలానికి, చలికాలానికి, వేసవికి వేర్వేరు వంటకాలను చెప్పడం ఇందుకు నిదర్శనం. ఆహారమే ఆరోగ్యానికి పునాది అనే ఈ భావన గొప్పది. అయితే పునాది వేరు, ఇల్లు కూలినప్పుడు చేయించవలసిన మరమ్మతు వేరు. ఈ భేదాన్ని ముందు ముందు చూద్దాం.

పోషక విలువలు: లెక్క చూసి మాట్లాడాలి

మన దేశపు ఆహార పదార్థాల పోషక విలువలను పట్టికలుగా ప్రకటించే సంస్థ హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో ఇది హైదరాబాదుకు తరలివచ్చింది. ఈ సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి కరివేపాకులో మాంసకృత్తులు సుమారు 6 గ్రాములు ఉంటాయి. కాల్షియం సుమారు 650 నుండి 830 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. శరీరంలో ఎ-విటమిన్‌గా మారే కెరోటిన్ కూడా సమృద్ధిగా లభిస్తుంది. ఆవుపాలలో 100 గ్రాములకు కాల్షియం సుమారు 120 మిల్లీగ్రాములే.

ఈ అంకెలు చూసి 'పాలకంటె కరివేపాకు ఆరు రెట్లు మేలు' అని చెప్పడం సులభం. కాని ఎవరు 100 గ్రాముల కరివేపాకు తింటారు? ఒక రెమ్మ ఆకులు దూస్తే ఒకటి రెండు గ్రాములకు మించి తూగవు. రోజంతటి వంటలో ఒక మనిషి వాటాకు 3 గ్రాముల ఆకు వస్తుందనుకొందాం. దానిని తీసివేయకుండా తిన్నా దక్కే కాల్షియం 20 నుండి 25 మిల్లీగ్రాములు. ఒక గ్లాసు ఆవుపాలు, అంటే 200 మిల్లీలీటర్లు తాగితే సుమారు 240 మిల్లీగ్రాములు దక్కుతాయి. పెద్దవారికి రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించింది. కనుక పాలు, రాగులు, నువ్వులు చేయవలసిన పనిని కరివేపాకు ఒక్కటే చేయజాలదు. పైగా ఆకులలోని ఆక్సలేట్లు కొంత కాల్షియాన్ని శరీరానికి అందకుండా పట్టి ఉంచుతాయి.

మరి తినడం వృథాయేనా? కాదు. తాళింపు ఆకును పక్కన పెట్టకుండా నమలడం, వారానికి రెండు మూడుసార్లు పొడిగానో పచ్చడిగానో తినడం వల్ల ఆ వాటా పెరుగుతుంది. నూనెతో కలిసినందువల్ల కెరోటిన్ శరీరానికి బాగా వంటబడుతుంది. ఆకులోని పీచు జీర్ణక్రియకు తోడ్పడుతుంది. ఆకుకూరలలోని ఇనుమును శరీరం కొద్దిగానే గ్రహిస్తుంది. నిమ్మరసం వంటి సి-విటమిన్ గల పదార్థం తోడైతే ఆ గ్రహణం మెరుగుపడుతుంది. చిత్రాన్నంలో నిమ్మరసం, కరివేపాకు కలవడం రుచికే కాక ఆరోగ్యానికీ అనుకూలమే. అయినా రక్తహీనత ఉన్నట్లు పరీక్షలో తేలిన విద్యార్థినులు వైద్యులు ఇచ్చిన ఇనుము మాత్రలు వాడవలసిందే. కరివేపాకు పొడి వాటికి బదులు కాదు.

ఔషధ గుణాలు: పరిశోధన ఎంతవరకు చెప్పింది?

కరివేపాకులో ఔషధ గుణాలు లేవని చెప్పడం కూడా సత్యం కాదు. ఇందులో కార్బజోల్ ఆల్కలాయిడ్లు అనే ప్రత్యేక రసాయనాలు ఉన్నాయి. 1965లో కలకత్తాలో డి. పి. చక్రవర్తి ఈ చెట్టు నుండి 'ముర్రయనిన్' అనే పదార్థాన్ని వేరుచేసి ప్రకటించారు. తరువాత దొరికిన రసాయనాలలో ఒకదానికి 'గిరినింబిన్' అని, మరొకదానికి 'మహానింబిన్' అని పేర్లు పెట్టారు. సంస్కృత నామాలు ఆధునిక రసాయనశాస్త్రంలో చోటుచేసుకోవడం మనం గమనించదగిన విశేషం.

ఈ పదార్థాలను ప్రయోగశాలలో పరీక్షించినప్పుడు కొన్ని సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డుకొన్నాయి. చక్కెర వ్యాధి కలిగించిన ఎలుకలకు ఆకు సారం ఇచ్చినప్పుడు వాటి రక్తంలో చక్కెర తగ్గింది. ఇవి ఆశ కలిగించే ఫలితాలే. కాని ఎలుకకు దాని బరువును బట్టి ఇచ్చిన గాఢమైన సారం వేరు, మనిషి నమిలే పది ఆకులు వేరు. ఒక పదార్థాన్ని మందుగా అంగీకరించాలంటే ఎంత మోతాదు ఇవ్వాలి, ఎంతకాలం ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, ఏ కీడు కలుగుతుంది అన్న ప్రశ్నలకు మనుషులపై జరిగిన పెద్ద పరిశోధనల నుండి సమాధానం రావాలి. కరివేపాకు విషయంలో అటువంటి బలమైన ఆధారం లేదు. జుట్టు నల్లబడుతుందన్న మాటకైతే ఆధారం మరీ స్వల్పం.

ఒక ఇంట్లో చక్కెర వ్యాధి ఉన్న తాతగారు ఎవరో చెప్పిన మాట నమ్మి మాత్రలు మానివేసి, ఉదయాన్నే ఆకు నమలడం మొదలుపెట్టారనుకొందాం. వారం రోజులు ఒంట్లో ఏ తేడా తెలియదు. 'చూశావా, మాత్రలు లేకున్నా బాగానే ఉన్నాను' అని ఆయన సంతోషిస్తారు. చక్కెర వ్యాధి నిశ్శబ్దంగా పనిచేసే వ్యాధి. కంటిచూపును, మూత్రపిండాలను, పాదాలలోని నరాలను కొద్దికొద్దిగా దెబ్బతీస్తుంది. తేడా తెలిసేనాటికి జరిగిన నష్టంలో కొంత తిరిగి రానిదై ఉంటుంది. అప్పుడు మనవడో మనవరాలో చెప్పవలసిన మాట ఇది: 'తాతా, ఆకు తినండి, వద్దనడం లేదు. మాత్ర మాత్రం మానవద్దు. రేపు ఆసుపత్రికి పోయి రక్తపరీక్ష చేయించుకుందాం, నేనూ వస్తాను.' పెద్దల మనసు నొప్పించకుండా వారి ప్రాణాన్ని కాపాడే మాట అది.

దీనికి మరొకవైపు కూడా చూడాలి. మాత్రలు వాడుతూనే గాఢమైన కరివేపాకు రసం, సారం గుళికలు కూడా తీసుకొంటే కొందరిలో చక్కెర అవసరానికి మించి పడిపోయే అవకాశం ఉంది. చెమటలు పట్టడం, చేతులు వణకడం, కళ్ళు తిరగడం దాని లక్షణాలు. కనుక అటువంటివి వాడదలచినవారు ముందుగా వైద్యునికి చెప్పాలి.

ఆరోగ్యవరం చెప్పే పాఠం

ఆహారానికీ ఔషధానికీ గల భేదాన్ని చక్కగా బోధించే చరిత్ర మదనపల్లె చెంతనే ఉంది. క్షయ వ్యాధికి మందు లేని కాలంలో, 1915లో, అక్కడ క్షయ చికిత్సాలయం వెలసింది. డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి అధిపతి. ఆ ప్రాంతమే ఆరోగ్యవరంగా ప్రసిద్ధి చెందింది. పొడి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన భోజనం, ఇవే ఆనాటి చికిత్సలో ముఖ్యాంశాలు. వాటివల్ల కొందరు కోలుకొన్నారు. ఎందరో కోలుకోలేకపోయారు.

1940లలో స్ట్రెప్టోమైసిన్, తరువాత ఇతర మందులు వచ్చాయి. మద్రాసులో 1956లో ఏర్పడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఒక కీలకమైన ప్రశ్న వేసింది. శానిటోరియంలో మంచి భోజనం, విశ్రాంతి మధ్య మందులు వాడినవారు, పేద ఇళ్ళలోనే ఉండి అవే మందులు వాడినవారు, వీరిలో ఎవరు బాగా కోలుకొంటారు? 1959లో ప్రకటించిన ఫలితం లోకాన్ని ఆశ్చర్యపరచింది. ఇంటివద్ద అంతంత మాత్రపు తిండితో ఉన్నవారు కూడా మందులు క్రమంగా వాడినందువల్ల ఇంచుమించు సమానంగా కోలుకొన్నారు. వ్యాధిని జయించినది మందు.

అలాగని తిండికి విలువ లేదనుకోరాదు. ఝార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, క్షయరోగుల కుటుంబ సభ్యులకు అదనపు పోషకాహారం ఇచ్చినప్పుడు వారిలో కొత్తగా క్షయ సోకడం దాదాపు 40 శాతం తగ్గింది. ఈ రెండు ఫలితాలను కలిపి చదివితే సత్యం బోధపడుతుంది. హితాహారం రోగం రాకుండా కావలి కాస్తుంది. వచ్చిన రోగాన్ని ఔషధం తరిమివేస్తుంది. ఒకదాని పని రెండవదానికి అప్పగించరాదు.

వాడుకలో జాగ్రత్తలు

1. శుభ్రత: చిగురుతినే పురుగులు కరివేపను ఎక్కువగా ఆశిస్తాయి. అందువల్ల అమ్మకానికి పెంచే తోటలలో పురుగుమందుల వాడకం అధికం. మన దేశం నుండి వెళ్ళే కరివేపాకును ఈ అవశేషాల కారణంగానే 2010 దశకంలో యూరోపియన్ యూనియన్ అదనపు తనిఖీ జాబితాలో చేర్చింది. సంతలో కొన్న ఆకును ఉప్పు లేదా చింతపండు కలిపిన నీటిలో 15 నిమిషాలు నానబెట్టి, తరువాత మంచినీటితో రెండు మూడుసార్లు కడగాలి. ఆకు లోపలికి ఇంకిన మందును కడుగుట వలన పోగొట్టలేం. కనుక పెరటిలోనో కుండీలోనో ఒక మొక్క పెంచుకోవడం ఉత్తమం.

2. తడి: కడిగిన ఆకును గుడ్డతో ఒత్తి ఆరబెట్టిన తరువాతనే కాగిన నూనెలో వేయాలి. తడి ఆకు వేస్తే నూనె ఎగిరి చేతులపై, కళ్ళలో పడే ప్రమాదం ఉంది.

3. గింజలు: కరివేప చెట్టుకు కాసే చిన్న పండ్లు పండినప్పుడు నల్లగా ఉంటాయి. కొందరు పిల్లలు వాటి గుజ్జు చప్పరిస్తారు. లోపలి గింజ విషగుణం కలది కనుక దానిని నమలరాదు, మింగరాదు.

4. మోతాదు: వంటలో వాడే పరిమాణం సాధారణంగా అందరికీ క్షేమకరమే. గర్భిణులు, మూత్రపిండాలలో రాళ్ళు ఉన్నవారు, నిత్యం మందులు వాడేవారు ఆకు రసాన్నిగాని సారాన్నిగాని ఎక్కువ మోతాదులో తీసుకొనే ముందు వైద్యుని సలహా పొందాలి.

5. నిలువ: నీడలో ఆరిన ఆకును పొడిచేసి, తడిలేని గాజు సీసాలో గట్టిగా మూతపెట్టి ఉంచాలి. బూజు వాసన వచ్చిన పొడిని ఎండబెట్టి మళ్ళీ వాడరాదు, పారవేయాలి.

6. ప్రయాణం: అమెరికాలోని బంధువులకు తాజా కరివేపాకు తీసుకువెళ్ళాలని చాలామంది కోరుకొంటారు. కాని అక్కడి చట్టం దానిని అనుమతించదు. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును వ్యాపింపజేసే సిల్లా పురుగు కరివేప రెమ్మలపై కూడా నివసించడమే అందుకు కారణం. ఇది నిమ్మ కుటుంబపు మొక్క అని ముందే చెప్పుకొన్నాం. అందుకే అక్కడి తెలుగువారు అనేకులు కుండీలలో కరివేప పెంచుకొని, చలికాలంలో ఇంటిలోపల ఉంచి పసిబిడ్డవలె కాపాడుకొంటారు. ఇక్కడ విస్తరి అంచున పడే ఆకుకు అక్కడ అంతటి గౌరవం!

ముగింపు

ప్రతి వస్తువుకూ గుణదోషాలు ఉంటాయి. వాటిని నిర్ణయించేది మన ఇష్టమో, ఎవరో చెప్పిన మాటో కాదు, పరిశీలన. కరివేపాకు రుచినిస్తుంది, పరిమళాన్నిస్తుంది, తిన్నంత మేర పోషకాలను ఇస్తుంది. అది ఇవ్వగలిగినది కాదనకుండా తీసుకోవడం వివేకం. ఇవ్వలేనిదానిని దాని నుండి ఆశించి, ఇవ్వగలిగిన మందును దూరం చేసుకోవడం అవివేకం. ఈ రోజు భోజనంలో కరివేపాకు కనబడితే తీసి పక్కన పెట్టకుండా నమిలి తినండి. ఇంట్లో పెద్దలెవరైనా మందు మాని ఆకును నమ్ముకొంటే, చెంత కూర్చుని, గౌరవంతో, లెక్కతో సహా వివరించండి. చదువుకొన్న పిల్లలు ఇంటికి చేయగల ఉపకారాలలో అది చిన్నది కాదు.

కఠిన పదాలు - అర్థాలు

నానుడి = లోకంలో వాడుకగా ఉన్న మాట
సర్వరోగ నివారిణి = అన్ని రోగాలను పోగొట్టేది
సురభి = పరిమళం కలది
నింబం = వేప
విడిది = బస, తాత్కాలిక నివాసం
మాంసకృత్తులు = శరీర నిర్మాణానికి తోడ్పడే పోషకాలు, ప్రోటీన్లు
మోతాదు = తీసుకోవలసిన పరిమాణం
అవశేషం = మిగిలినది
హితాహారం = మేలుచేసే ఆహారం
క్షేమకరం = కీడు కలిగించనిది

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. కరివేపాకు పోషక విలువలను గురించి పాఠంలో చేసిన లెక్కను వివరించి, దాని నుండి మీరు గ్రహించిన విషయాన్ని రాయండి.
2. ఆహారానికి, ఔషధానికి గల భేదాన్ని ఆరోగ్యవరం, మద్రాసు, ఝార్ఖండ్ ఉదాహరణల ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహరూప సమాధానాలు రాయండి.
1. కరివేపాకుకు వివిధ భాషలలో గల పేర్లను తెలిపి, వాటిలోని సామ్యాన్ని చూపండి.
2. పోపులో కరివేపాకును చివరగా వేయడానికి గల కారణం ఏమిటి?
3. తాజా కరివేపాకును అమెరికాకు తీసుకువెళ్ళడం ఎందుకు నిషిద్ధం?

III. కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. వాసన మనది కావాలి, ఆకు మాత్రం వద్దు!
2. మాత్ర మాత్రం మానవద్దు.
3. ఒకదాని పని రెండవదానికి అప్పగించరాదు.

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. హార్స్‌లీ హిల్స్‌కు స్థానికులు వాడే పేరు ఏది?
2. కోనిగ్ ఎక్కడ మరణించాడు?
3. జాతీయ పోషకాహార సంస్థ ఏ నగరంలో ఉంది?
4. కరివేప పండులో ఏ భాగాన్ని తినకూడదు?

V. సంధులు
వేపాకు = వేప + ఆకు - అకార సంధి
ఏమంటే = ఏమి + అంటే - ఇకార సంధి
హితాహారం = హిత + ఆహారం - సవర్ణదీర్ఘ సంధి
ప్రత్యేక = ప్రతి + ఏక - యణాదేశ సంధి

VI. సమాసాలు
గుణదోషాలు - గుణమును, దోషమును - ద్వంద్వ సమాసం
నల్లవేప - నల్లనైన వేప - విశేషణ పూర్వపద కర్మధారయం
మూడు భాషలు - మూడు సంఖ్యగల భాషలు - ద్విగు సమాసం
పోషక విలువలు - పోషకముల యొక్క విలువలు - షష్ఠీ తత్పురుష సమాసం

VII. ప్రాజెక్టు పని
మీ ఇంటిలో ఒక వారం రోజులు వంటకు వాడిన కరివేపాకును తూచి, తిన్నది ఎంతో, పక్కన పెట్టినది ఎంతో పట్టికగా రాయండి. తిన్న ఆకు ద్వారా ఒక్కొక్కరికి సుమారుగా ఎంత కాల్షియం అందినదో లెక్కించి తరగతిలో చదివి వినిపించండి.